ఉప్పునీళ్ళ చలికాలం

ఆ ఊళ్ళో మామయ్యని అసలు పేరుతో పిలిచినవాళ్ళు దాదాపు లేరు. వయసులో ఉన్నప్పుడు ఆయన బడుల డాక్టరు. అంటే ఊళ్ళో ఉన్న బడులన్నీ తిరిగి, పిల్లలచేత నాలుకలు చాపించి, చెవుల్లోకి తొంగిచూసి, తలల్లో పేలున్నాయేమో వెతికే ఉద్యోగం. పిల్లలు చాటున ఆయన్ని ‘పుక్కిలి డాక్టరు’ అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే కోపం తెచ్చుకోకపోగా, కొత్తవాళ్ళకి తనే ఆ పేరుతో పరిచయం చేసుకునేవాడు.

ఆ పేరు ఎలా వచ్చిందో ఆయన మేనకోడలికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడామె కూడా డాక్టరే. యాభై దాటిన మనిషి; చత్వారం వచ్చింది, కళ్ళజోడు తలమీదే పెట్టుకుని ఇల్లంతా వెతుక్కుంటుంది. ఆరోగ్యశాఖలో ఉద్యోగం. రోగుల్ని చూసే డాక్టరు కాదు, రోగాల లెక్కలు చూసే డాక్టరు. ఏ మందు నిజంగా పనిచేస్తోంది, జనానికి మనం చెప్పే సలహాల్లో దేనికి ఆధారం ఉంది, ఏది ఉత్తి నమ్మకం అని తేల్చడం ఆమె పని. ఆఫీసులో అందరికీ డాక్టరమ్మ. మామయ్యకి మాత్రం చిన్నప్పటిలాగే పిచ్చుక.

ఆ ఏడు శాఖవాళ్ళు బడుల ఆరోగ్య పుస్తకాన్ని తిరగరాసి కొత్తగా అచ్చువేద్దామనుకున్నారు. ప్రతి బడిలోనూ పెద్ద టీచరు బల్ల మీద ఉండే పుస్తకమే అది. చేతులు ఎప్పుడు కడిగించాలి, కిటికీలు ఎంతసేపు తెరిచి ఉంచాలి, టీకాలు ఏ వయసులో వేయించాలి, అన్నీ అందులో ఉంటాయి. ‘పిల్లలచేత ఉదయాన్నే గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలింపించవచ్చు’ అని పాత పుస్తకంలో ఒక వాక్యం ఉంది. కొత్త డైరెక్టరుగారికి అది తెగ నచ్చింది. ‘వచ్చు’ తీసేసి ‘తప్పనిసరి’ చేద్దామన్నాడు.

“ఒక్కో సలహాకీ వెనకాల ఏ ఆధారం ఉందో చూసిపెట్టండి డాక్టరమ్మా. లాంఛనమే అనుకోండి” అని పుస్తకం ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె లాంఛనాలు చేసే మనిషి కాదు. కూర్చుని తవ్వడం మొదలుపెట్టింది. ‘ఉప్పునీటితో పుక్కిలిస్తే జలుబు, దగ్గు తగ్గుతాయని రుజువైంది’ అని ఈ పుస్తకంలో ఉంది. ఎక్కడ రుజువైందయ్యా అంటే, దానికి ముందు వచ్చిన పుస్తకం చూడమంది. అది తీస్తే అందులో ‘రుజువైంది’ లేదు, ‘తగ్గుతాయి’ అని మాత్రమే ఉంది. దానికి ఆధారం ఎప్పుడో పెద్ద డాక్టర్లు కూర్చుని చేసిన ఒక తీర్మానం. ఆ తీర్మానానికి ఆధారం, ఏనాడో ఆగిపోయిన ఒక ఆరోగ్య మాసపత్రికలో వచ్చిన నాలుగు పేజీల వ్యాసం. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది అనుకుంటూ, గ్రంథాలయం నుంచి తెప్పించిన ఆ పత్రిక పేజీ తిప్పింది. కింద రాసిన మనిషి పేరు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

ఎలుక కాదు. మామయ్య.

వ్యాసం చదువుతూంటే మధ్యాహ్నం ఎండ బల్లమీద నుంచి నేలమీదికి జారింది. ఆమె మాత్రం ఆ గదిలో లేదు. తొమ్మిదేళ్ళ పిల్లగా బడి పెరట్లో, చలికి వణుకుతూ వరసలో నిలబడి ఉంది.

పెద్ద అల్యూమినియం డేగిసాలో నీళ్ళు పొగలు కక్కుతుండేవి. ఎవరి గ్లాసు వాళ్ళది. వంటమనిషి గరిటెతో పోసుకుంటూ వెళ్ళేది. మామయ్య అప్పటికి పెళ్ళికాని కుర్ర డాక్టరు; చెక్క స్కేలు చేత్తో పట్టుకుని ముందు నిలబడేవాడు. “తలలు పైకి! మబ్బులు చూడండి! మొదలు!” అనగానే పెరడంతా ఒక్కసారి గుడగుడలాడేది. కొంతసేపయ్యాక ఆయన స్కేలు ఊపుతూ పాట కట్టించేవాడు. పై తరగతివాళ్ళు సన్నగా, చిన్నవాళ్ళు లావుగా. మధ్యలో ఎవరో ఒకరికి నవ్వొచ్చి నీళ్ళు ముక్కులోకి పోయేవి. పక్కవాడికి నవ్వు అంటుకునేది. “నవ్వినవాళ్ళకి ఇంకో గ్లాసు!” అని అరిచేవాడు మామయ్య, తను నవ్వుతూనే. మబ్బుల్ని అంత శ్రద్ధగా ఆమె మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

వ్యాసంలో ఉన్నది ఆ చలికాలమే. ఊళ్ళోని బడుల్లో రెండు. పిల్లలు పుక్కిలించిన బడి ఒకటి, అలవాటు లేని ఏటి అవతలి బడి ఇంకొకటి. చలికాలం అంతా రెండుచోట్లా బడికి రాని పిల్లల్ని లెక్కపెట్టారు. పుక్కిలించిన బడిలో మానేసినవాళ్ళు బాగా తక్కువ. కనక ఉప్పునీరు జలుబుల్ని తగ్గించినట్టు కనిపించింది.

అంతే. ఒక్క బడికి ఒక్క బడి, ఒక్క చలికాలం. లెక్కపెట్టినవాడికి ఏ బడి ఏదో ముందే తెలుసు. పైగా లెక్కపెట్టింది జలుబుల్ని కాదు, ఖాళీ బెంచీల్ని.

ఖాళీ బెంచీలు అనుకోగానే ఆమెకి గంట గుర్తొచ్చింది. ఆ ఏడాదే కొత్తగా వచ్చిన పెద్ద టీచరు ఒక పందెం పెట్టింది. వారమంతా ఒక్కరూ మానకుండా వచ్చిన తరగతికి శనివారం ఇంటిగంట కొట్టే అవకాశం. ఆ కంచుగంట కోసం పిల్లలు ప్రాణాలు పెట్టేవాళ్ళు. ఒకరోజు తనకి ఒళ్ళు కాలిపోతుంటే అమ్మ దుప్పటి కప్పి పడుకోబెట్టింది. అమ్మ అటు వెళ్ళగానే ఇటు తను దొడ్డిదారిన బయటపడింది. తరగతిలో కూర్చుని దగ్గంతా చొక్కా చేతిలోకి దగ్గింది. పక్క పిల్ల కూడా అంతే, ముందు బెంచీ పిల్లాడూ అంతే. టీచరు పిలిచినప్పుడు బొంగురు గొంతులతో అందరూ హాజరు పలికారు. మామయ్య లెక్కలో వాళ్ళందరూ ఉప్పునీళ్ళ పుణ్యాన జలుబు రాని పిల్లలు!

ఆమె తనలో తనే నవ్వుకుంది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ఈ సంగతి మామయ్యకి ఎవరు చెప్పాలి?

సెలవు చూసుకుని వెళ్ళింది. మామయ్య వరండాలో మడతకుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. అత్తయ్య టీ తెచ్చింది. ఆమె వాతావరణం గురించి, పక్కింటివాళ్ళ కుక్క గురించి, మామయ్య మోకాలి గురించి మాట్లాడింది. టీ అయిపోయింది. మామయ్య పేపరు మడిచాడు.

“పిచ్చుకా, అసలు సంగతి చెప్పు. చిన్నప్పుడు నీకు పుక్కిలించడం నేర్పాను గానీ నీళ్ళు నమలడం నేర్పలేదు.”

చెప్పింది. మెత్తగానే చెప్పాననుకుంది. వింటున్నకొద్దీ మామయ్య మెడ ఎర్రబడింది.

“అంటే ఏంటి? నేను అబద్ధం రాశానంటావా?”

“అబద్ధమని ఎవరన్నారు మామయ్యా? ఆధారం బలహీనంగా ఉందంటున్నాను. అది వేరు, ఇది వేరు.”

“అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా పిసకాలా? ఒక్క మెతుకు చాలదూ?”

“ఒకే కుండలో ఉడికిన మెతుకైతే చాలు. ఇవి రెండు కుండలు, రెండు పొయ్యిలు. మా బడిలో గంట పందెం ఉండేది. జ్వరాలతో వచ్చేసేవాళ్ళం. నేనే వచ్చాను.”

“నువ్వొక్కదానివి వచ్చావని...”

అంతవరకూ గుమ్మానికి ఆనుకుని వింటున్న అత్తయ్య అప్పుడు నోరు విప్పింది. ఆ రోజుల్లో ఆవిడ ఏటి అవతలి బడిలో టీచరు. పిల్లల్ని లెక్కపెట్టడానికి వచ్చిన కుర్ర డాక్టరు లెక్క అయిపోయినా మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఆ బడివాళ్ళకి అనుమానం వచ్చింది, ఎండాకాలానికి పెళ్ళయింది.

“మా బడిలో తుమ్మితే చాలు, సంచీ చేతికిచ్చి ఇంటికి పంపించేసేవాళ్ళం కదండీ” అంది ఆవిడ. “మా పెద్దసారుకి దగ్గంటే హడలు. రెండు తుమ్ములు తుమ్మితే వారం దాకా రావద్దనేవాడు.”

మామయ్య ఆవిడవైపు తిరిగాడు. “ఈ మాట అప్పుడెందుకు చెప్పలేదు?”

“మీరు అప్పుడు మాట్లాడిన మాటల్లో తుమ్ముల ప్రసక్తి ఎక్కడుంది?” అంది అత్తయ్య, ఈ వయసులో కూడా కాస్త సిగ్గుపడుతూ.

ఇంకోరోజయితే ముగ్గురూ నవ్వేవాళ్ళే. ఆరోజు మామయ్య నవ్వలేదు. “నా ఉప్పు తిని నామీదే రాస్తావన్నమాట” అన్నాడు మేనకోడలితో.

“తినలేదండీ, ఊసేసింది” అంది అత్తయ్య.

“నువ్వు లోపలికి పో.” మేనకోడలివైపు తిరిగాడు. “ఇన్నేళ్ళు. ఎన్ని బడులు, ఎంతమంది పిల్లలు. చలిలో పొద్దున్నే లేచి తిరిగాను. అదంతా బూడిదలో పోసిన పన్నీరేనా?”

ఆమె సంచిలోంచి వ్యాసం నకలు తీసి చివరి పేరా దగ్గర వేలు పెట్టి ఆయన ఒళ్ళో పెట్టింది. ‘జలుబులు తగ్గినట్లు కనిపించింది. ఇది కాకతాళీయం కూడా కావచ్చు. ఎక్కువ బడులలో, మరింత జాగ్రత్తగా మళ్ళీ పరీక్షించకుండా దీనిని ఎవరికీ సిఫారసు చేయరాదు’ అని ఉంది అక్కడ.

మామయ్య చాలాసేపు చదివాడు. ఉన్నది మూడు వాక్యాలే.

“ఇది నేను రాశానా?”

“నువ్వే రాశావు. ఆ తర్వాత ఎత్తిరాసినవాళ్ళు ‘కనిపించింది’ని ‘తగ్గుతాయి’ చేశారు. వాళ్ళ తర్వాతివాళ్ళు ‘రుజువైంది’ చేశారు. ఈ పేరాని ఎవరూ ఎత్తిరాయలేదు.”

ఆయన కాగితం తిరిగి ఇచ్చేశాడు. “ఎండ మీద పడుతోంది” అని కుర్చీ లోపలికి జరుపుకున్నాడు. ఆమె వెళ్ళొస్తానన్నప్పుడు తల ఊపాడు గానీ, ఎప్పటిలా గేటుదాకా రాలేదు.

తిరిగివచ్చి నివేదిక రాసింది. రాసి కొట్టేసి, కొట్టేసి రాసింది. చివరికి మిగిలింది కొంచెమే: ఈ సలహాకి ఉన్న ఆధారం చాలా బలహీనం, పుక్కిలిస్తే మేలు జరుగుతుందని గానీ జరగదని గానీ మనకి తెలియదు, తెలియనిదాన్ని తప్పనిసరి చేయకూడదు.

డైరెక్టరుగారు చదివి పెదవి విరిచాడు. “ఉప్పూ నీళ్ళూ. దీంట్లో నష్టం ఏముందండీ?”

“నష్టం ఉప్పులో లేదు సార్. ‘రుజువైంది’ అన్న మాటలో ఉంది. టీకాల పేజీలో కూడా మనం అదే మాట రాస్తున్నాం. దానికి నిజంగానే రుజువు ఉంది. రేపు ఎవరైనా ఈ ఉప్పునీళ్ళ సంగతి తవ్వి ఉత్తిదేనని తేలిస్తే, టీకాల మాటని మాత్రం ఎందుకు నమ్ముతారు?”

ఆయన ఆలోచిద్దాం అన్నాడు. అదే వారంలో ఆఫీసుకి ఫోను వచ్చింది.

“పిచ్చుకా, చీటీలు నేనే తీస్తాను” అన్నాడు మామయ్య. పలకరింపు లేదు, ఏమీ లేదు.

“ఏ చీటీలు?”

“పరీక్ష పెట్టవా మరి? మళ్ళీ పరీక్షించాలని రాసిపెట్టాను కదా! ఇన్నాళ్ళూ ఎవడూ పెట్టలేదు, నేనూ పెట్టలేదు. కొన్ని బడులు తీసుకో. పేర్లు చీటీల మీద రాసి కలుపు. సగం పుక్కిలించేవి, సగం పుక్కిలించనివి. ఏది ఎటుపోవాలో నువ్వు చెప్పకూడదు, నేను చెప్పకూడదు, చీటీ చెప్పాలి. ఇంకో సంగతి. ఖాళీ బెంచీలు లెక్కపెట్టొద్దు. నర్సు వెళ్ళి ఒక్కో పిల్లాడి ముక్కూ గొంతూ చూడాలి. ఏ బడి ఏదో ఆ నర్సుకి తెలియకూడదు. విన్నావా?”

విన్నది. కళ్ళు తుడుచుకుంటూ రాసుకుంది. డైరెక్టరుగారు ఒక్క చలికాలం ఆగడానికి ఒప్పుకున్నాడు.

చీటీలు తీసేరోజు మామయ్య ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చాడు. బిస్కెట్ల డబ్బాలో చీటీలు వేసి, గలగలా ఊపి, కళ్ళు మూసుకుని ఒక్కోటీ తీసి బల్లమీద పెట్టాడు. ఆయన మొదట పుక్కిలింపించిన పాత బడి పుక్కిలించనివాటిలో పడింది. కళ్ళు తెరిచి చూసి, “పడితే పడనీ” అన్నాడు గానీ ఆ చీటీని కొంచెంసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

ఆ చలికాలం ఆమెకి మళ్ళీ చిన్నతనం తిరిగొచ్చినట్టే ఉంది. తీరిక దొరికిన పొద్దున్నల్లా మామయ్యని కారులో ఎక్కించుకుని పుక్కిలించే బడులకి వెళ్ళేది. డేగిసాలకి బదులు ఇప్పుడు కరెంటు కెటిళ్ళు. పిల్లలు మాత్రం మారలేదు. మామయ్య మఫ్లరు చుట్టుకుని, మోకాలు నొప్పి మర్చిపోయి, వరస ముందు నిలబడేవాడు. “తలలు పైకి!” అనేవాడు. ఆ కంఠం ముసలిదయింది గానీ పిలుపు అదే. పిల్లలు పైకి చూసేవాళ్ళు. ఆమె దూరంగా గోడకి ఆనుకుని, ఆ గుడగుడల మధ్య అమ్మ కేక కోసం, తలుపు చప్పుడు కోసం, ఎక్కడెక్కడికో వెళ్ళిపోయిన నేస్తాల గొంతుల కోసం చెవి ఒగ్గేది. వినిపించేవి కావు. అయినా బాగుండేది.

నర్సుకి ఏమీ చెప్పకూడదని పిల్లలకి గట్టిగా చెప్పారు. ఒక బడిలో ఒక బుడుగు నర్సు రాగానే పరుగున వెళ్ళి, “మేం మీకు ఒక సంగతి అస్సలు చెప్పకూడదండీ, ఉప్పు సంగతి” అన్నాడట. ఆ తరగతి లెక్కంతా తీసేయాల్సి వచ్చింది. మామయ్య రెండు రోజులు ఉడుక్కుని, మూడోరోజు తలుచుకుని తలుచుకుని నవ్వాడు.

చలి తగ్గాక లెక్కలు చేతికొచ్చాయి. ఆమె తలుపు మూసుకుని కూర్చుంది. ఒక నెల పుక్కిలించినవాళ్ళకి జలుబులు కాస్త తక్కువ, ఇంకో నెల కాస్త ఎక్కువ. అంతా కలిపి చూస్తే అటూ ఇటూ ఒకటే. మళ్ళీ మొదటినుంచి వేసింది, ఎక్కడైనా పప్పులో కాలేశానేమో అని. అదే వచ్చింది. కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నప్పుడు గానీ ఆమెకి తెలియలేదు, ఇన్నాళ్ళూ తను ఏ జవాబు రావాలని కోరుకుందో.

ఈసారి నీళ్ళు నమలలేదు. వరండాలో నిలబడే చెప్పింది. “తేడా లేదు మామయ్యా.”

“బొత్తిగా?”

“చెప్పుకోదగ్గది లేదు.”

మామయ్య మడతకుర్చీ చెక్కమీద వేలితో గీస్తూ ఉండిపోయాడు. లోపల అత్తయ్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది.

“ముసలమ్మ కోడి కథలా ఉంది” అన్నాడు చివరికి. “నా కోడి కూస్తేనే ఊరికి తెల్లవారుతుందనుకున్నాను. సరే, పుస్తకంలోంచి తీసెయ్.”

“తీసేస్తాను.”

“అంతమంది పిల్లల్ని చలిలో నిలబెట్టాను.”

“నిలబెట్టి ఏం చేశారు, ఏడిపించారా?” అత్తయ్య బయటికి వచ్చింది. “అక్కడ నిలబడినదాన్నే అడగండి.”

ఆయన అడగలేదు, చూశాడు. మేనకోడలు పక్కనే ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. “జలుబు సంగతి నాకు తెలియదు గానీ మామయ్యా, ఆ ఏడు నాకు బడంటే ఇష్టం పుట్టింది” అంది. ఆయన ఆమె తలమీద ఉన్న కళ్ళజోడు తీసి, తన కండువాతో తుడిచి చేతికిచ్చాడు.

ఇద్దరూ కలిసి వ్యాసం రాశారు. ఈసారి ఆఖరి పేరాని ఎవరూ వదిలేయకుండా మొదటి పేరాగా పెట్టమన్నాడు మామయ్య. కొత్త పుస్తకం అచ్చయింది. పుక్కిలింపు వాక్యం పోయింది. కిటికీల గురించి ఉన్న అధ్యాయాన్ని కొత్త ఆధారాలతో పెంచి రాశారు. ఒకటి రెండు బడులవాళ్ళు మాకు అలవాటైపోయింది, చేసుకోవచ్చా అని రాస్తే, చేసుకోండి, జలుబు కోసం అని మాత్రం చెప్పకండి అని ఆమె జవాబిచ్చింది.

పుస్తకం అందిన మర్నాడు మామయ్య ఫోన్ చేశాడు.

“తడి తలతో పడుకుంటే జలుబు చేస్తుందని రాశారు, చూశావా? ఎవడు చెప్పాడు నీకు? ఏదీ ఆధారం? తవ్వు!”

“అది అమ్మ చెప్పేది మామయ్యా.”

 పిల్లల తలలు తువ్వాలుతో తుడుస్తూ తిట్టిపోసే అక్క ఆయనకీ కనిపించి ఉంటుంది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

“అక్క చెప్పిందా?” అన్నాడు. “అక్క చెబితే...” గొంతు సవరించుకున్నాడు. “అయినా సరే. తవ్వు.”

ఆమె ఫోను చెవికి పెట్టుకునే పుస్తకం దగ్గరికి లాక్కుంది.

“ఏ పేజీ మామయ్యా?”